పడిన కొమ్మ పేదల సొత్తు

రోడ్డు పక్కన నిలిచి ఉన్న చెట్టు ఎవరిదన్న విషయంలో ప్రభుత్వ శాఖలకు ఏ సందేహమూ లేదు. రాష్ట్ర రహదారి మీదిదైతే అది రోడ్లు భవనాల శాఖది, ఊరి బాట మీదిదైతే పంచాయతీది, పట్టణంలోనిదైతే పురపాలక సంఘానిది. దానిని నరకాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే జనవ్యవహారంలో వాల్టాగా స్థిరపడిన చట్టం కింద ముందుగా అనుమతి పొందాలి. అదే చెట్టు ఈ వారపు గాలివానకు వేళ్ళతో సహా లేచి పడగానే ఆ శ్రద్ధ అంతా మాయమై, అది కేవలం రాకపోకలకు అడ్డుగా మిగిలింది. రంపంతో కోసి, మొద్దును గుత్తేదారుకు వదిలి, కొమ్మలనూ రెమ్మలనూ టిప్పర్లకెత్తి డంపింగ్ యార్డుకు తరలించడం, రెండు మోపుల పుల్లలు ఏరుకుందామని కత్తి పట్టుకుని వచ్చిన స్త్రీని దొంగను తరిమినట్టు తరమడం, ఈ రెండూ ఒకే పూట ఒకే చోట జరగడం సహించరాని విషయం.

కట్టెను చెత్తగా లెక్కించేవారు దానిలోని వేడిని లెక్కించడం లేదు. పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీరే కనుక, కొట్టిన రోజునే పొయ్యిలో పెడితే మంటలో కొంత భాగం ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది, ఇల్లంతా పొగ కమ్ముతుంది. దానినే చీల్చి, నేల తగలకుండా అడ్డకర్రల మీద పేర్చి, గాలి ఆడనిచ్చి తెలుగునాటి ఎండలలో కొన్ని నెలలు ఉంచితే తేమ 15–20 శాతానికి దిగి, కిలోకు సుమారు 3,500 కిలోకేలరీల వేడినిచ్చే వంటచెరకు తయారవుతుంది. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్‌లోని వేడి ఈ లెక్కన 45 కిలోల ఎండుకట్టెకు సమానం; మట్టిపొయ్యిలో వేడి ఎక్కువగా పక్కలకు పోతుంది కాబట్టి అందుకు నాలుగైదు రెట్ల కట్టె కావాలనుకున్నా, ఒక టన్ను కట్టె ఐదు సిలిండర్ల పని చేస్తుంది. పెద్ద నిద్రగన్నేరు ఒక్కటి కూలితే, మొద్దును పక్కన పెట్టినా, కొమ్మల నుంచే ఇంతకు మించి కట్టె వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో వేలాది చెట్లను ఒక్క పగలులో పడగొట్టింది. కూలిన కట్టెను జనానికి పంచే పద్ధతి ఒకటి కనీసం ఆ తరువాతనైనా ఊరూరా స్థిరపడి ఉండవలసింది.

గ్యాస్ ఇంటింటికీ వచ్చాక కట్టెల మాట ఎందుకనేవారు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను చూపుతారు. వంటకు శుభ్రమైన ఇంధనం వాడే ఇళ్ళు తెలంగాణలో 91.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం అని ఆ సర్వే తేల్చిన మాట నిజమే. అయితే ఆ లెక్క ప్రధానంగా వాడే ఇంధనానికి సంబంధించినది. స్నానాల నీళ్ళ కాగు, పెళ్ళివంటల గాడిపొయ్యి, శ్మశానంలో చితి ఆ లెక్కలోకి రావు. వాటికి కావలసిన కట్టెలో కొంత అడితికి, అనగా కట్టెలు తూకానికి అమ్మే చోటికి, ఎక్కడో నిలువునా కొట్టిన చెట్ల నుంచే వస్తున్నది. కట్టెల పొగ ఊపిరితిత్తులకు చేటు చేస్తుందన్నది కాదనలేని సత్యం. దానికి విరుగుడు ఆరిన కట్టె, పొగగొట్టం ఉన్న పొయ్యి, చేతికందే ధరలో గ్యాస్. యార్డులో గుట్టపడిన కొమ్మలకు నిప్పంటుకుంటే వచ్చేదీ పొగే. బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాల్చితే 25,000 రూపాయలు వసూలు చేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. పురపాలక సంఘపు యార్డులోనే కొమ్మలు కాలితే ఆ జరిమానా ఎవరి జేబు నుంచి రావాలి?

పడిన కట్టె మీద హక్కు కొత్తగా పుట్టిన కోరిక కాదు. ప్రష్యా రాజ్యపు రైన్ మండలంలో అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడాన్ని కూడా దొంగతనంగా ప్రకటించే చట్టం చర్చకు వచ్చాక, యువ పాత్రికేయుడైన కార్ల్ మార్క్స్ 1842లో వరుస వ్యాసాలు రాసి, నిలిచి ఉన్న చెట్టును నరకడం వేరు, చెట్టు విడిచిన పుల్లను ఏరుకోవడం వేరు అని, రెండవది పేదల సంప్రదాయసిద్ధమైన హక్కు అని వాదించాడు. తనను ఆర్థిక ప్రశ్నల వైపు మళ్ళించిన వాటిలో ఈ వివాదం ఒకటని ఆయనే తరువాత చెప్పుకున్నాడు. తెలుగువారికి అంత దూరం పోవలసిన అవసరం కూడా లేదు. అడవిలో పశువులను మేపుకున్నందుకు వేసిన పుల్లరి అనే పన్నును ధిక్కరించి, 1922 ఫిబ్రవరిలో పల్నాటిలో కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు ప్రాణాలిచ్చాడు. ప్రకృతి ఇచ్చినదానికి ప్రజల నుంచి సర్కారు వెల కట్టి వసూలు చేయడాన్ని ఎదిరించినందుకే ఆయనను ఈనాటికీ తలచుకుంటున్నారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల జాబితాలో, అంటే కలప కాని అడవి పంటలలో, పొదకట్టెనూ మోళ్ళనూ చేర్చి వాటిపై అడవిబిడ్డలకు యాజమాన్య హక్కు ఇచ్చింది. నడి అడవిలో చట్టం ఒప్పుకున్న ఈ న్యాయం రోడ్డు అంచున చెల్లకపోవడానికి కారణం కనబడదు.

కనుక పురపాలక సంఘాలూ పంచాయతీలూ ఒక చిన్న నియమం చేసుకుంటే చాలు. సామిల్లుకు పనికివచ్చే మొద్దును శాఖ వేలం వేసుకోవచ్చు. మనిషి తొడకన్న సన్నని కొమ్మలన్నీ ఆ వీధివారికీ చుట్టుపక్కల పేదవారికీ చెందుతాయని ప్రకటించి, విద్యుత్ సిబ్బంది తీగలను తొలగించాక, పెద్ద కొమ్మలను మోయదగిన ముక్కలుగా కోసి బాట పక్కన రెండు రోజులు ఉంచాలి. తీగలు తెగిపడిన చోట ముందే జనం ఎగబడటం ప్రాణాపాయం కాబట్టి ఈ వరుస తప్పరాదు. గన్నేరు కొమ్మలను మాత్రం విడిగా తీసివేయాలి, ఎందుకంటే వాటి పొగ విషం.

అయితే ఇన్ని చెట్లు ఎందుకు కూలుతున్నాయన్న ప్రశ్న వేయకుండా పడిన కట్టె పంపకం గురించి ఎంత మాట్లాడినా అది సగం మాటే. నెపమంతా గాలి మీద వేయడం అన్యాయం. కేబుళ్ళకూ మురుగుకాలువలకూ కందకాలు తవ్వేవారు ఒక పక్క వేళ్ళను తెగనరుకుతారు. తీగలకు తగులుతున్నాయని ఒకే పక్క కొమ్మలు కొట్టి చెట్టు బరువును రెండో పక్కకు ఒరగనిస్తారు. పాదబాట వేసేవారు మాను మొదలు దాకా సిమెంటు పోసి నీరూ గాలీ వేళ్ళకు అందకుండా చేస్తారు. పైగా నీడ త్వరగా ఇస్తాయని తురాయి, పచ్చతురాయి వంటి పెళుసు కొమ్మల చెట్లను వరుసలుగా నాటి, గాలికి నిలిచే వేప, కానుగ, చింతలను ఊరి బయటికి నెట్టారు. నాటిన మొక్కల సంఖ్య ప్రతి ఏడూ ప్రకటిస్తారు గాని, నిలిచిన చెట్ల మొదళ్ళ చుట్టూ ఎంత మట్టి మిగిలిందో ఎవరూ కొలవరు. చెట్టు మొదలు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013 ఏప్రిల్‌లో ఢిల్లీ అధికారులను ఆదేశించింది. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో, వరంగల్లులో అదే కొలతను గుత్తపత్రంలోనే రాసి, ఆ మీటరు జాగా వదలని గుత్తేదారుకు పాదబాట బిల్లు చెల్లించకుండా ఆపాలి.