గుర్రానికి తెలియని తేడా

గుర్రప్పందేలంటే మన ఇళ్లల్లో ముందుగా గుర్తొచ్చేది ఖాళీ అయ్యే జేబులూ, ఆడవాళ్ల మెళ్లో మాయమయ్యే గొలుసులూ. కుప్పంలో రైలెక్కినా, మదనపల్లెలో బస్సెక్కినా చేరేది బెంగుళూరే. అక్కడి రేస్‌కోర్సు పేరు చెబితేనే గుండెలు గుభేలుమనే ఇల్లాళ్లు ఉన్నారు. ఆ భయం న్యాయమైనదే. అయినా ఆ పందేల లోకంలోనే మనం తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది.

ఐర్లండుకు చెందిన రేచల్ బ్లాక్‌మోర్ 2025 మే నెలలో జాకీగా రిటైరైంది. 2021 ఏప్రిల్ 10న ఇంగ్లండులోని ఎయింట్రీలో గ్రాండ్ నేషనల్ గెలిచిన మొట్టమొదటి మహిళా జాకీ ఆమే. ఈ పందెం మొదలైంది 1839లో. అంటే ఒక ఆడపిల్ల గెలవడానికి 182 ఏళ్లు పట్టిందన్నమాట!

ఇది ఉత్త పరుగు కాదు. దాదాపు ఏడు కిలోమీటర్ల దూరం, మధ్యలో దూకాల్సిన కంచెలు ముప్పై. ఆ రోజు బయల్దేరిన గుర్రాలు 40, గమ్యం చేరినవి 15. కరోనా వల్ల ప్రేక్షకులు లేరు. రేచల్ ఎక్కిన గుర్రం మినెల్లా టైమ్స్‌కి అప్పుడు ఎనిమిదేళ్లు. ఫిబ్రవరిలో డబ్లిన్ దగ్గర జరిగిన పెద్ద పందెంలో రెండోదిగా వచ్చింది. ఎయింట్రీలో మాత్రం ఆరున్నర గుర్రాల పొడవు తేడాతో గెలిచింది. మరుసటి ఏడాది అదే పందెంలో పడిపోయింది. గుర్రాల బతుకూ అంతే, ఒకనాటి గెలుపు మర్నాటికి పూచీ కాదు. 2021 పందెంలోనే ‘ది లాంగ్ మైల్’ అనే గుర్రం దెబ్బ తగిలి ప్రాణమే పోగొట్టుకుంది. గెలుపు సంబరంలో దాన్ని మర్చిపోకూడదు.

ఆడవాళ్లకి బలం చాలదనే కదా ఎప్పుడూ చెప్పే మాట? ఈ పందెంలో ఏ గుర్రం ఎంత బరువు మొయ్యాలో ముందే లెక్క కడతారు. మినెల్లా టైమ్స్‌కి పడింది సుమారు 65 కిలోలు. జాకీ, జీను కలిపి అంత తూగాలి. తక్కువైతే సీసం ముక్కలు పెడతారు. ఎక్కింది ఆడో మగో ఆ తక్కెడ అడగదు, గుర్రమూ అడగదు. అడిగింది మనుషులే!

బ్రిటన్‌లో ఆడామగా వివక్ష కూడదని 1975లో చట్టం వచ్చాకే దారి తెరుచుకుంది. 1977లో షార్లెట్ బ్రూ మొదటిసారి ఈ పందెంలో దిగింది. ఇంకో నాలుగు కంచెలుండగా గుర్రం మొండికేసింది. 1982లో జెరాల్డీన్ రీస్ గమ్యం చేరింది, అందరికంటే చివరన. ఆ చివరి స్థానం కూడా ఒక మెట్టే.

రేచల్‌ది పాడి రైతు కుటుంబం, తల్లి టీచరు. పుంగనూరు పల్లెల్లో పాలు పితికే మనకి ఆ ఇల్లు కొత్తదేం కాదు. ఆమె 25 ఏళ్లకి, 2015లో వృత్తిగా స్వారీ మొదలెట్టింది. 2018 నుంచి హెన్రీ డి బ్రోమ్‌హెడ్ అనే శిక్షకుడు తన మంచి గుర్రాల్ని ఆమె చేతికిచ్చాడు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఎంత నేర్పున్నా, ఎక్కడానికి మంచి గుర్రం ఇచ్చేవాళ్లు ఉండాలి.

మన దగ్గర చట్టాలు ఎప్పుడో వచ్చాయి. ఆస్తిలో వాటా, చదువు, ఉద్యోగం, అన్నీ కాగితం మీద ఉన్నాయి. మరి ఇంట్లో కొత్త బండి తాళం, దూరపు కాలేజీ ఫీజు ముందుగా ఎవరికి దక్కుతున్నాయి? కొడుక్కి కొత్తదీ కూతురికి పాతదీ ఇచ్చి, ‘చూశారా, వెనకపడింది’ అనడం ఏం న్యాయం?