తాయెత్తు కట్టినా తగ్గుతుంది, కట్టకపోయినా తగ్గుతుంది

హేతువాదులకు గుర్రం కాలితో పనేమిటని కొందరు అడగవచ్చు. పని ఉంది. నల్ల గుర్రం నాడాతో చేసిన ఉంగరం తొడుక్కుంటే శనిదోషం పోతుందని, అరిగిన నాడా గుమ్మానికి కొడితే ఇంటికి కలిసొస్తుందని నమ్మే చదువుకున్నవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. నాలుగు కాళ్ళకూ నాలుగు నాడాలున్న గుర్రానికి కలిసొచ్చిందేమిటి? జీవితమంతా బండి లాగడం, చివరికి కుంటడం!

నాడా సంగతి అలా ఉంచి, నాడా లేని ముసలి గుర్రం సంగతి చూద్దాం. వయసు ఇరవై ఏళ్ళనుకోండి. వారం రోజులు కుంటుతుంది, పది రోజులు బాగానే నడుస్తుంది, మళ్ళీ కుంటుతుంది. యజమానికి చుట్టుపక్కలవాళ్ళు ఏం చెబుతారు? దిష్టి తగిలిందంటారు. నల్లదారం, తాయెత్తు, నిమ్మకాయ. అప్పటికీ తగ్గకపోతే ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత. నాలుగు రోజులకు కుంటు తగ్గుతుంది. "చూశారా, పనిచేసింది!" అంటారు.

ఇందులో కిటుకు చాలా చిన్నది. వచ్చిపోయే జబ్బు ఎలాగూ పోతుంది. మనం వైద్యం మొదలుపెట్టేది బాధ బాగా ముదిరిన రోజున. ఆ తర్వాత వచ్చేవి మామూలుగానే కాస్త తేలికైన రోజులు. అప్పుడు మెడలో ఏది కట్టి ఉంటే దానికే పేరు. మళ్ళీ కుంటినప్పుడు మాత్రం తాయెత్తును ఎవరూ తప్పుపట్టరు, కొత్త దిష్టి తగిలిందంటారు. జమ మాత్రమే రాసి ఖర్చు రాయని ఖాతా ఇది. డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసిన వాడిని, ఇలాంటి ఖాతా మీద నేను సంతకం పెట్టను.

అసలు కారణాలు కాలి కిందే ఉంటాయి. డెక్క మన గోరులాంటిదే, నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మైళ్ళకొద్దీ తిరిగే అడవి గుర్రానికి అది నడకలోనే అరుగుతుంది. కట్టేసిన గుర్రానికి అరగదు. 6 నుంచి 8 వారాలకొకసారి కోసి, ఆకురాయితో సరిచేయాలి. లేకపోతే ముందుభాగం పొడుగై అంచులు చీలుతాయి. మెత్తని నేలమీద బాగానే నడిచిన గుర్రం తారురోడ్డు మీద కుంటుతుంది. పేడలో, తడిలో నిలబెడితే అడుగున గాళ్ళలో కుళ్ళు పట్టి దుర్వాసన వస్తుంది. డెక్క లోపల చీము పడితే ఒక్కరోజులో కాలు మోపలేదు, చీము బయటికి దారి చేసుకోగానే తేలికపడుతుంది. తాయెత్తులకు ఎక్కువ పేరు తెచ్చేది ఇదే! కీళ్ళ అరుగుదల అయితే మొదట బిగుసుకున్న కాళ్ళు నడిచేకొద్దీ సడలుతాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది లామినైటిస్. డెక్క వేడిగా ఉంటుంది, దాని పైన నాడి బలంగా కొట్టుకుంటుంది, గుర్రం బరువంతా వెనక్కి వాల్చి నిలబడుతుంది. ముదిరితే లోపలి ఎముక డెక్క గోడ నుంచి విడిపోతుంది. ముసలి గుర్రాల్లో దీనికి పిట్యూటరీ గ్రంథి జబ్బు ఒక కారణం. అది రక్తపరీక్షలో తెలుస్తుంది, నిమ్మకాయ కోస్తే తెలియదు. తాయెత్తు కట్టి ఎదురుచూసిన వారం రోజులకు ఇక్కడ గుర్రం ప్రాణమే మూల్యం కావచ్చు.

ఇక రెండో రకం భక్తులున్నారు. నాడా కొట్టడమే పాపం, ప్రకృతే అన్నీ చూసుకుంటుందంటారు. ఇదీ మూఢనమ్మకమే. నాడా లేనిదే గుర్రం నడవదనడం కూడా అంతే. నేల ఎలాంటిది, పని ఎంత, డెక్క ఎంత గట్టిది అన్న మూడు ప్రశ్నలు వేశాకే జవాబు చెప్పాలి.

చేయవలసిన పనికి పది రూపాయల నోటుపుస్తకం చాలు. తేదీ, ఏ కాలు, ఏ నేల, డెక్క కోసి ఎన్ని రోజులైంది, మేత ఏమైనా మారిందా, ఇవి రాయాలి. గుర్రాన్ని జోరుగా నడిపించి చూడాలి. నొప్పి ముందుకాలిలో ఉంటే ఆ కాలు నేలకు ఆనినప్పుడు తల పైకెత్తుతుంది. మొదటిసారి కుంటినప్పుడే పశువైద్యుణ్ణి పిలిచి, ఆ పుస్తకం ఆయన చేతిలో పెట్టాలి. అమెరికా అశ్వవైద్యుల సంఘం వాళ్ళు కుంటును 0 నుంచి 5 దాకా కొలుస్తారు. అందులో 1వ స్థాయి అంటేనే ఎప్పుడూ ఒకేలా కనబడని కుంటు. కాబట్టి ఈ రోజు కనబడలేదంటే నయమైందని అర్థం కాదు. "ఈ రోజు బాగానే ఉంది" అని పెళ్ళి ఊరేగింపుకు పంపేవారు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం చదవాలి. ముసలితనం వల్లో జబ్బు వల్లో పనికి తగని జంతువుతో పని చేయించడం నేరం.

తాయెత్తు అమ్మేవారికి నాదొక సవాలు. కట్టే ముందే కాగితం మీద రాసివ్వండి: కుంటు ఏ తేదీకి పోతుంది, ఎన్ని నెలలు తిరిగి రాదు, వస్తే డబ్బు ఎవరు వాపసు ఇస్తారు? సంతకం పెట్టే ధైర్యం ఉందా?

మన రాజ్యాంగం 51-ఎ అధికరణంలో జీవులపట్ల దయ 'జి' క్లాజులో, శాస్త్రీయ దృక్పథం 'హెచ్' క్లాజులో పక్కపక్కనే ఉన్నాయి. రెండూ పౌరుడి విధులే. దయ ఉండి శాస్త్రీయ దృష్టి లేనివాడు గుర్రాన్ని ప్రేమిస్తూనే దాని కాలికి వాత పెడతాడు.