మోపెడ్‌ను విద్యుత్ బండిగా మార్చుకొనేవారికి

పాత మోపెడ్ నుండి పెట్రోలు ఇంజనును తొలగించి, వెనుక చక్రానికి హబ్ మోటారు బిగించి, ఇంటివద్దనే విద్యుత్ బండిగా మార్చుకోవాలన్న ఉత్సాహం మన ముమ్మిడివరం ప్రాంతపు యువకులలో కొందరికి కలుగుతున్నది. రిటైరైన డాక్టరుకు ఇంజన్ల గొడవ దేనికని మీరనవచ్చు. ఇంజను సంగతి మెకానిక్కులకే విడిచిపెడతాను. నా మాట బ్యాటరీని గురించి. దానిని ఇంటిలో తయారు చేయకండి, నిద్రించే ఇంటిలో ఛార్జింగు పెట్టకండి.

ఈ మార్పుకు నేను వ్యతిరేకిని కాను. పాత టూ స్ట్రోక్ మోపెడ్‌లో ఇంజనాయిలు పెట్రోలుతో కలిసి మండుతుంది, కొంత ఇంధనం మండకుండానే పొగగొట్టం గుండా బయటపడుతుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది, రక్త క్యాన్సరుకు కారకమని రుజువైన బెంజీన్ ఉంటుంది. సంతలో ఆ బండి వెనుక నిలబడేవారు, మూసిన పాకలో దానిని స్టార్టు చేసేవారు ఆ గాలినే పీలుస్తున్నారు. అది పోవడం మంచిదే.

మోటారు, కంట్రోలరు, థ్రాటిల్ అమర్చడం ఓపిక గలవారికి అసాధ్యం కాదు. చిక్కంతా బ్యాటరీతోనే. 60 వోల్టుల, 30 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సుమారు 1.8 యూనిట్ల విద్యుత్తు నిలువ ఉంటుంది. తేలికపాటి బండి ఏబై కిలోమీటర్లు పోవడానికి అది చాలు. రెంచి జారి రెండు టెర్మినళ్లను కలిపిందంటే క్షణంలో వందల ఆంపియర్లు ప్రవహిస్తాయి. చేతి ఉంగరమే మధ్యలో తగిలితే లోహం కాలి, వేలి చుట్టూ మాంసం లోతుగా కాలిపోతుంది. అరవై వోల్టులే గదా, షాకు కొట్టదులే అనుకొంటారు. కాలడానికి షాకు అవసరం లేదు. ఉంగరము, వాచీ తీసి పక్కన పెట్టిన తరువాతనే బ్యాటరీ జోలికి వెళ్లండి.

అంతకంటె ప్రమాదకరమైనది పాత ల్యాప్‌టాప్‌ల నుండి తీసిన సెల్లులను ఏరి బ్యాటరీగా కూర్చడం. వయసు, శక్తి వేరువేరుగా ఉన్న సెల్లులను ఒకే వరుసలో కలిపితే బలహీనమైనది ఛార్జింగులో ముందే నిండి, మోతాదు మించి వేడెక్కుతుంది. దానిని కనిపెట్టి ఆపవలసినది బీఎంఎస్ అనే రక్షణ పరికరం. అది లేకున్నా, నాసిరకమైనా ఒక సెల్లు అంటుకొని, ఆ వేడికి పక్కది, దాని వేడికి మరొకటి, ఇలా నిమిషాలలో మొత్తం మండుతుంది.

2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఇంటి యజమాని మరణించాడు, భార్య తీవ్రంగా గాయపడింది. అదే నెలలో నిజామాబాదులో ఇంటిలో ఛార్జింగులో ఉన్న బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించాడు. సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల షోరూములో పుట్టిన మంటల పొగ పైనున్న లాడ్జిని కమ్మి ఎనిమిదిమంది ప్రాణాలు తీసింది. ఇవన్నీ కర్మాగారంలో తయారైన బ్యాటరీలే. ఆ తరువాతనే కేంద్రం ఏఐఎస్ 156 అనే పరీక్షా ప్రమాణాన్ని కఠినం చేసి 2022 డిసెంబరు, 2023 మార్చి నెలలలో రెండు దశలుగా అమలుకు తెచ్చింది. పరీక్షలో నెగ్గిన బ్యాటరీకి ధర ఎక్కువే. డబ్బు ఆదా చేయదలిస్తే మోటారులో చేయండి, బ్యాటరీలో కాదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే వేడిని మరికొంత తట్టుకొంటుంది.

పెరటిలో నేర్చుకోవడానికి చేసుకొన్నది వేరు. రోడ్డెక్కాలంటే ఆమోదం పొందిన కిట్టును అధీకృత వర్క్‌షాపులో బిగించి, ఆర్సీలో మార్పు నమోదు చేయించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పేది అదే.

ఇక ఛార్జింగు ఎక్కడ? మన ఇళ్లలో ఇది తేలిక ప్రశ్న కాదు. పడకగది వద్దంటే పాకలో పెడతారు. అక్కడ కొబ్బరి మట్టలు, డొక్కలు, పైన తాటాకు కప్పు. వరండాలో పెడితే అది బయటికి పోయే ఏకైక గుమ్మానికి అడ్డు. గుమ్మానికి, మెట్లకు దూరంగా, సిమెంటు నేలపై, గోడ పక్కన, పైన రేకు నీడ ఉన్న చోటు చూసుకోండి. పగటివేళ, ఇంట ఎవరో ఒకరు మేలుకొని ఉన్నప్పుడే పెట్టండి. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే పెట్టవద్దు, బ్యాటరీని చల్లారనివ్వండి. 2022 జూలైలో మన లంక గ్రామాలకు వచ్చినటువంటి వరదలో మునిగిన బ్యాటరీని ఆరబెట్టి మళ్లీ ఛార్జింగు పెట్టడం చావును పిలవడమే.

బ్యాటరీ ఉబ్బినా, ఘాటైన వాసన లేదా బుసబుస శబ్దం వచ్చినా బండి గురించి ఆలోచించకుండా అందరినీ బయటికి పంపి 101కి ఫోను చేయండి. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని నీటిధార పోయండి. ఐసు, పసుపు, టూత్‌పేస్టు, సిరా పూయవద్దు. పొగ పీల్చినవారు బాగానే ఉన్నామన్నా ఆసుపత్రికి తీసుకొనిపోండి. ఈ పొగలోని హైడ్రోజన్ ఫ్లోరైడు ఊపిరితిత్తులను కొన్ని గంటల తరువాత కూడా దెబ్బతీస్తుంది. కార్బన్ మోనాక్సైడు రక్తంలో చేరినపుడు వేలికి పెట్టే ఆక్సీమీటరు మామూలు అంకెనే చూపి మోసగిస్తుంది. అమలాపురం వెళ్లినా, ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ వెళ్లినా, అది బ్యాటరీ పొగ అని డాక్టరుకు మొట్టమొదట చెప్పండి.