పాత ట్రాక్టర్‌కు పల్చటి ఆయిల్ వద్దు



ఇంటితోటల ట్రాక్టర్లపై మీరు వేసిన వ్యాసంలో, పాత ఇంజిన్‌కైనా కారులో పోసే 5డబ్ల్యూ-20 ఆయిల్ సరిపోతుందన్న మాటతో ఏకీభవించలేను. అలాంటి ట్రాక్టర్లలో ఉండే 1970ల నాటి కోలర్ కె-సిరీస్ సింగిల్ సిలిండర్ ఇంజిన్లలో ఆయిల్ పంపు, ఫిల్టరు ఉండవు. కనెక్టింగ్ రాడ్ కింది కొన ఆయిల్‌ను చిమ్మితేనే లోపలి భాగాలు తడుస్తాయి. పైగా చల్లబరిచేది గాలే. ఎండల్లో గడ్డి కోసేటప్పుడు పల్చటి ఆయిల్ మరీ పల్చబడి, త్వరగా తరిగిపోతుంది. అందుకే గడ్డకట్టే చలి లేనప్పుడు ఎస్‌ఏఈ 30 అనే చిక్కటి ఆయిల్ పోయమని కంపెనీ మాన్యువల్ చెప్పింది. ఫిల్టరు లేదు కనుక 25 గంటలకోసారి, ఇంజిన్ వేడిగా ఉండగానే ఆయిల్ మార్చాలి. అప్పుడే అడుగున పేరుకున్న మడ్డి కూడా దిగుతుంది. ఆయిల్ ఖరీదు కన్నా సరైన గ్రేడు, వేళకు మార్చడమే ముఖ్యం. దయచేసి ఈ సవరణ ప్రచురించండి.

– ఒక పాఠకుడు, ఒహాయో