వంటయింటి ముచ్చట్లు: చల్లారని కేకునకు క్రీముపూత

నూజివీటి ప్రాంతమున వేసవి వచ్చినదన్న మామిడిపండ్లతోపాటు చుట్టములును వత్తురు. సెలవులకు పుట్టినింటికి వచ్చిన ఆడుపడుచులు, వారి బిడ్డలు, ఆ బిడ్డల పుట్టినరోజులు - ఇల్లెల్ల సందడిగా నుండును. పూర్వము పుట్టినరోజనిన పరమాన్నముతో సరిపోయెడిది. ఇప్పుడు కేకు లేనిదే పిల్లలకు తృప్తి కలుగదు. బజారుకేకుకంటె ఇంట చేసినది మేలని తలచి, పలువురు సోదరీమణులు తామే కేకు చేసి, చిన్నరసాల రసము కలిపిన క్రీమును దానిపై పూయుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయము. కాని పెక్కిండ్లలో కేకు చక్కగా పొంగియు, క్రీము చక్కగా కుదిరియు, రెండును కలసిన పావుగంటకే క్రీము ప్రక్కలకు జారి పళ్లెములో మడుగు కట్టుచున్నది. “అమ్మాయికి చేత కాలేదు” అను మాట వెంటనే వినబడును. ఆ మాట న్యాయమైనదేనా యని విచారింతము.

వెన్న సుమారు 32 మొదలు 35 డిగ్రీల వేడిలో కరగిపోవును. వెన్నతో చేసిన క్రీమునకైనను, మీగడను గిలకొట్టి చేసిన క్రీమునకైనను కొవ్వే ఆధారము. అది మెత్తబడినంతనే లోని గాలిబుడగలు విడిపోయి, పూత నీరుగారును. కేకు పైభాగము చేతికి చల్లగా తోచినను నడుమ వేడి నిలిచియుండును. ఏలయన, కేకు నిండ సన్నని గాలిగదులు కలవు. గాలి వేడిని త్వరగా వెలికి పోనీయదు. ఆ వేడితోపాటు ఆవిరియు పైకి వచ్చి, పూతక్రింద నీరై, పంచదారను కరగించును.

ఇంకొక చిక్కు కలదు. “గదిలోని వేడికి వచ్చువరకు చల్లార్పవలెను” అని వంటపుస్తకములు చెప్పును. ఈ మాట చలిదేశములవారి గదులకు సరిపోవును. నూజివీట మే నెలలో పగటివేడి 40 డిగ్రీలు దాటు దినములు అరుదు కావు. ఆ దినములలో గదియే వెన్నను కరగించునప్పుడు, కేకు గదితో సమముగా చల్లారినను ప్రయోజన మేమి? కావున పుస్తకమును అక్షరాల అనుసరించిన పిల్లకును క్రీము జారుచున్నది. ఇందు ఆమె దోష మేమియు లేదు.

నిజమునకు ఈ ధర్మము మన స్త్రీలకు క్రొత్తది కాదు. మామిడితాండ్ర పోయునప్పుడు, చాపపై పోసిన మొదటి పొర ఎండినగాని రెండవ పొర పోయరు. పైన ఎండినట్లు కనబడినను వ్రేలితో నొక్కి చూతురు. తొందరపడినచో క్రిందిపొర చెమ్మ లోపలనే చిక్కుకొని, తాండ్ర పులియును, బూజు పట్టును. తాండ్రయందు తడి యెట్టిదో, కేకునందు వేడి అట్టిది.

అయితే ప్రతిదియు చల్లారవలెనని కాదు. కాజాలను వేయించి పాకములో వేయుదుము. పాకము లోనికి ఇంకవలెనని మన కోరిక. అట్లే కేకుపై పలుచని పంచదారపాకమో రసమో చిలుకరింప దలచినవారు వెచ్చగా నున్నప్పుడే చిలుకరింపవచ్చును. లోని కింకవలసినది వెచ్చనిదానిపైనను, పైన నిలువవలసినది చల్లనిదానిపైనను వేయవలెనని గుర్తుంచుకొనిన చాలును.

ఇక చేయు విధము. దింపిన కేకును పది నిమిషములు గిన్నెలోనే యుంచి, పిదప బోర్లించిన జల్లెడపై నుంచవలెను. పళ్లెములో పెట్టినచో ఆవిరి నీరై కేకు అడుగును తడుపును. రెండుగంటలైన పిదప పైన గాక, అడుగున అరచేయి ఆనించి చూడవలెను. ఏమాత్రము వెచ్చదనము తగిలినను ఆగవలెను. పూర్తిగా చల్లారిన కేకును మూతగల డబ్బాలో పెట్టి, ఒక గంట ఫ్రిజ్జులో నుంచి, అటుపిమ్మట పూత పూయవలెను. చిన్నరసాల రసము పలుచనిది. పచ్చిరసమును కలిపిన క్రీము దానివలననే జారును. రసమును సన్ననిసెగపై సగమగువరకు మరిగించి, బాగుగా చల్లార్చి, కొద్దికొద్దిగా కలుపవలెను. పూసిన కేకును కోయువేళవరకు ఫ్రిజ్జులోనే యుంచవలెను. మిగిలినదానిని ఇంతటి వేసవిలో గంటకు మించి వెలుపల నుంచరాదు. మీగడ చెడినచో మొదట బాధపడునది పసిపిల్లల కడుపే.

ఇంత చెప్పినను అసలు కారణము చెప్పలేదు. ఆరుగంటలకు పిల్లలు వత్తురని తెలిసియు, కేకు నాలుగుగంటలకు పొయ్యి యెక్కుట యేల? ఉదయము ఫలహారములు, మధ్యాహ్నము పదిమంది భోజనములు, పిదప అంట్లు, మూడుగంటలకు కాఫీలు - ఇవన్నియు తీరినగాని ఆ యిల్లాలికి చేతులు ఖాళీ కాలేదు. తొందర ఆమె స్వభావములో లేదు, ఆమె దినములో నున్నది. తాండ్ర ఎండుటకు దినములకొలది ఓర్చుకొను కుటుంబము, కేకు చల్లారుటకు మూడుగంటలు ఇయ్యలేదా?

కావున అత్తగార్లకును, ఆడుపడుచులకును, ఇంటి మగవారికిని మా మనవి యొక్కటే. పుట్టినరోజునకు ముందురాత్రి వంటయింటి పనులు మీరు పంచుకొని, ఆమెకు కేకు చేసికొనుటకు తీరిక కల్పింపుడు. రాత్రి చేసి మూతపెట్టిన కేకు ఉదయమునకు తానే చల్లారియుండును. తెల్లవారుజామున, ఎండ ముదురకమునుపే, పూత పూసి ఫ్రిజ్జులో పెట్టవచ్చును. సాయంకాలము పిల్లలు వచ్చువేళకు క్రీము నిలిచియుండును. ఆ యిల్లాలు కూడ చీర మార్చుకొని, వారి ప్రక్కన కూర్చుండి ఒక ముక్క తినగలదు.