మన ఎండలకు పైపు వేడెందుకంటారా?

"పైపులకు వేడి పెట్టడం మంచు దేశాల గోల. మనకెందుకు?" డ్రాఫ్టింగ్ నేర్పే చోట తరచూ వినిపించే మాట ఇది. మా దేవరుప్పుల నుంచి వెళ్లి ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడు చదివి, అమీర్‌పేటలో ఆటోక్యాడ్ నేర్చుకున్న పిల్లలూ ఇదే అప్పజెప్తున్నారు. దీని వెనకే ఇంకో మాట: "హీట్ ట్రేసింగ్ (పైపుకు వేడి పెట్టే ఏర్పాటు) సింబల్ లైబ్రరీలో ఉంటుంది, లాగి పెట్టెయ్." మొదటిది తెలియక అనే మాట. రెండోది మనుషుల ప్రాణాల మీదికి తెచ్చే మాట.

దేశంలో ఎండ మండిపోయే చోట్లలో రాజస్థాన్‌లోని బార్మేర్ ఒకటి. అక్కడి మంగళ క్షేత్రంలో 2009లో తోడటం మొదలుపెట్టిన ముడిచమురు నిండా మైనమే. దాన్ని గుజరాత్ తీరానికి చేర్చడానికి సుమారు 670 కిలోమీటర్ల పైపులైను వేసి, దారి పొడవునా కరెంటుతో వేడి చేస్తున్నారు. ఎడారిలోనే ఆ పని తప్పలేదు, మన దగ్గరా తప్పదు. 50 శాతం కాస్టిక్ సోడా ద్రావణం సుమారు 12 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. డిసెంబరు రాత్రి జనగామ చుట్టుపక్కల ఆ చలి వింతేమీ కాదు. ఫినాల్ అయితే 41 డిగ్రీల దాకా గడ్డగానే ఉంటుంది. బొగ్గు బాయిలర్లను వెలిగించడానికి చాలాచోట్ల వాడే ఫర్నేస్ ఆయిల్ కూడా చలికాలపు కొబ్బరినూనె లాంటిదే, వెచ్చబెడితే తప్ప కదలదు. చెల్పూరు థర్మల్ కేంద్రంలోనో, పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలోనో కొలువు ఆశించే మన పిల్లలకు ఇది పరాయి చదువెట్లా అవుతుంది?

ఇక బొమ్మ సంగతి. పైపు గీత పక్కన హీట్ ట్రేసింగ్‌కు గుర్తుగా గీసే తెగిన గీత చాలా ప్రశ్నలకు జవాబు చెప్పాలి. వేడి ఆవిరితోనా, కరెంటుతోనా? ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది? పైపులో ఎన్ని డిగ్రీలు నిలబెట్టాలి? కేబుల్ ఏ రకం? స్థిర వాటేజీ కేబుల్‌ను తన మీద తానే పడేట్టు చుడితే అక్కడ కాలిపోతుంది. తన వేడిని తానే తగ్గించుకునే రకానికి ఆ భయం లేదు. వాల్వు దగ్గరా ఫ్లాంజి దగ్గరా వేడి ఎక్కువగా పోతుంది కాబట్టి అక్కడ అదనపు చుట్లు కావాలి. గంధకం మరీ పేచీకోరు. 115 డిగ్రీలు దాటితే గానీ కరగదు, 160 దాటితే బంకలా చిక్కబడి పైపును బిగించేస్తుంది. లైబ్రరీ నుంచి లాగిపెట్టిన ఉత్త బొమ్మ వీటిలో ఒక్కటి కూడా చెప్పదు.

ఆటోక్యాడ్‌లో సింబల్‌ను అట్రిబ్యూట్లున్న (వివరాలు నింపే గడులున్న) బ్లాక్‌గా చేసి సర్క్యూట్ నంబరు, మీటరుకు వాట్లు, ఉష్ణోగ్రత అందులోనే నింపితే పట్టిక దానంతటదే వస్తుంది. బ్లాక్‌ను ఎక్స్‌ప్లోడ్ చేసి విడగొట్టిన గీతల నుంచి ఆ పట్టిక రాదు. లైన్‌టైప్ స్కేలు తప్పితే తెగిన గీత ప్రింటులో నిండు గీతై, ఫిట్టర్ కంటికి రెండో పైపులా కనిపిస్తుంది. చిన్న చిన్న ముక్కలున్న పాలీలైన్‌లో లైన్‌టైప్ జనరేషన్ ఆన్ చేయకపోతే గీత మధ్య ఖాళీలే మాయమవుతాయి. క్లాసులో ఒక గంట కేటాయిస్తే తీరే విషయాలివి. ఆ గంట ఇవ్వకుండా మూడు రంగుల ఇళ్ల ప్లాన్లతో కోర్సు ముగించి సర్టిఫికెట్ చేతిలో పెట్టడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

"కంపెనీకో లెజెండ్ ఉంటుంది, ఏదని నేర్పాలి?" అంటారు. నిజమే, ఐఎస్ 3232, ఐఎస్ఏ 5.1 లాంటి ప్రమాణాలున్నా ప్రతి సంస్థకూ తన లెజెండ్ షీటు, అంటే గుర్తుల పట్టిక, ఉంటుంది. గుర్తు మారుతుంది గానీ గుర్తు చెప్పాల్సిన జవాబులు మారవు. "సైటులో ఇంజనీరు చూసుకుంటాడు" అనే వాళ్లూ ఉన్నారు. ఇన్సులేషన్ చుట్టేశాక లోపల ఏముందో ఆ ఇంజనీరుకు కూడా డ్రాయింగే చెప్పాలి. రేపు దాన్ని విప్పే కార్మికుడి చేతిలో ఉండేదీ ఆ కాగితమే.

అందుకని ఐటీఐ, పాలిటెక్నిక్ ల్యాబుల్లో ఒక్క అభ్యాసం పెట్టమంటున్నాను. కాస్టిక్ ట్యాంకు నుంచి పంపు దాకా ఒక లైను, మధ్యలో రెండు వాల్వులు. సింబల్‌ను విద్యార్థే తయారుచేయాలి, కేబుల్ పొడవు ఆ ఫైలు నుంచే లెక్క తీసి చూపాలి. మార్కులు బొమ్మ అందానికి కాకుండా ఆ లెక్కకు వేయాలి.