స్థిరత్వమా? నూతనత్వమా?

1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్, ఎవరైనా ఉచితంగా పొంది, సవరించి, పంచుకోదగిన ఆపరేటింగ్ సిస్టం. దానిలో చేరే ప్రతి ప్రోగ్రామూ మొదట ‘అన్‌స్టేబుల్’ విభాగంలో అడుగిడుతుంది. కొన్నాళ్లపాటు తీవ్రమైన కొత్త లోపాలేవీ బయటపడకపోతే ‘టెస్టింగ్’కు చేరుతుంది. సుమారు రెండేళ్లకొకసారి టెస్టింగ్‌లో మార్పులను నిలిపివేసి, లోపాలను సరిదిద్ది, దానినే ‘స్టేబుల్’గా విడుదల చేస్తారు.

కొత్తదే మేలైనదని యువత భావించడం సహజం. కాని ఆసుపత్రిలోనో, కళాశాల కార్యాలయంలోనో ఉన్న కంప్యూటరు ఒక్కపూట ఆగినా ఎందరో ఇబ్బంది పడతారు. అటువంటి చోట స్టేబుల్‌నే ఎంచుకోవాలి. భద్రతకు సంబంధించిన సవరణలు దానికి సత్వరం అందుతాయి. టెస్టింగ్‌కు ఒక్కొక్కప్పుడు ఆలస్యమవుతాయి.

అట్లని టెస్టింగ్‌ను చిన్నచూపు చూడరాదు. దానిని వాడి, లోపాలను గుర్తించి తెలియజేసేవారు లేకపోతే స్టేబుల్‌కు ఆ స్థిరత్వం ఎక్కడిది? విద్యార్థి ముఖ్యమైన ఫైళ్ల నకళ్లను వేరొకచోట భద్రపరచుకొని, తన సొంత కంప్యూటరులో టెస్టింగ్‌ను వాడితే అది దుస్సాహసం కాదు. నలుగురికీ ఉపకరించే సేవ.

పొరపాటు జరిగినప్పుడు నష్టపోయేది తానొక్కరేనా, ఇతరులు కూడానా అన్నదే ఈ ఎంపికకు గీటురాయి.